నాన్నగారి బొమ్మలకో గది

ప్రశ్న: డ్రాయింగు మాస్టారుగా చేసిన మా నాన్నగారి నీటిరంగుల బొమ్మలు అరవై దాకా ఉన్నాయి. ముందుగదిని వాటికే మ్యూజియం చేద్దామనుకుంటున్నాం. ఫ్రేము కట్టించిన వాటికి గోధుమరంగు మచ్చలొస్తున్నాయి. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చాలా మంచి పని తలపెట్టారు. మచ్చలకు సాధారణంగా తేమా, వెనక వేసిన మామూలు అట్టా కారణం. అట్టలోని ఆమ్లం కాగితంలోకి దిగుతుంది. ఫ్రేములు విప్పించి ఆమ్లరహిత మౌంట్ బోర్డు వేయించండి. అద్దం బొమ్మకు తగలకూడదు, 3 మిల్లీమీటర్లయినా ఎడం ఉండాలి. బొమ్మను పై అంచున మాత్రమే, రెండు జపాన్ కాగితపు (పల్చగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం) పట్టీలతో, గోధుమ స్టార్చి జిగురుతో నిలపాలి. తేమకు కాగితం సాగుతుంది, నాలుగు వైపులా అంటిస్తే ముడతలు పడుతుంది. సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్ వద్దే వద్దు. మచ్చల్ని మీరు తుడవకండి, అది కన్సర్వేటర్ (పాత బొమ్మల్ని బాగుచేసే నిపుణుడు) పని.

వానజల్లు కొట్టే బయటి గోడ వదిలేసి లోపలి గోడకు తగిలించండి. ఫ్రేము వెనక కింది మూలల్లో కార్క్ ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. బొమ్మ మధ్యభాగం నేలనుంచి 145-150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చూడ్డానికి హాయి.

అన్నీ ఒకేసారి పెట్టకండి. వెలుతురుకు పోయిన రంగు తిరిగి రాదు. వెలుతురు 50 లక్స్ (వెలుతురు తీవ్రతకు కొలత) మించకుండా, పదిహేనేసి బొమ్మల్ని మూణ్ణెల్లకోసారి మార్చండి. 1973లో తెరిచిన ఆమ్‌స్టర్‌డామ్ వాన్ గో మ్యూజియం కూడా కాగితం మీది బొమ్మల్ని అప్పుడప్పుడే బయటపెడుతుంది. ప్రతి బొమ్మ వెనకా మూలన మెత్తని పెన్సిల్‌తో నంబరు వేసి రిజిస్టరులో కొలత, సంవత్సరం రాసుకోండి. పెన్ను వాడితే సిరా ముందువైపుకు దిగుతుంది.