24 ట్రాకుల రికార్డర్ కోసం చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 34 ఏళ్లు. కీబోర్డు వాయిస్తాను, సీజన్‌లో ఒక సౌండ్ సిస్టమ్ ఓనర్ దగ్గర మిక్సర్ ఆపరేటర్‌గా వెళ్తాను. ఏడాదికి 3.6 లక్షల దాకా వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 12,000. పాప ఒకటో తరగతి. ఇంటి ఖర్చు నెలకు 26,000. 1.4 లక్షల ఎఫ్‌డీ ఉంది. లక్ష రూపాయల చీటీ 20 నెలలది, 6 వాయిదాలు కట్టాను. ఆవిడ బంగారం ఆరు కాసులు ఉంది. అప్పుల్లేవు. హరికథలు, చర్చి పాటల బృందాలు, సన్నాయి మేళాలు లైవ్‌లో రికార్డు చేసి మిక్సింగ్ చేసి ఇవ్వమని అడుగుతున్నారు. ప్రోగ్రాముకి 6,000 చొప్పున ఏడాదికి 20 వస్తాయని నా అంచనా. ఇప్పటికి నలుగురు అడ్వాన్స్ ఇచ్చారు. హైదరాబాద్‌లో ఒకాయన పాత అలెసిస్ హెచ్‌డీ24 హార్డ్ డిస్క్ రికార్డర్, మైక్ ప్రీఆంప్‌లు (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచేవి), కేబుళ్లు అన్నీ కలిపి 1,10,000కి ఇస్తానంటున్నారు. చీటీ పాడుకుని కొననా? పర్సనల్ లోన్ తీసుకోనా? లేక నాన్నగారి పొలం పాస్‌బుక్ పెట్టి పంట పేరుతో బంగారం లోన్ తీసుకోనా?

జవాబు: ఆ సెట్టు కొనకండి. పంట పేరుతో లోన్ మాట అసలు తలపెట్టకండి. పని మాత్రం ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి. మన కోనసీమలో ముప్ఫై, నలభై ఏళ్లుగా హరికథ చెబుతున్నవాళ్లకి కూడా తమ గొంతు సరిగ్గా వినిపించే రికార్డింగు ఒక్కటీ ఉండదు. ఎవరో ముందు వరసలో కూర్చుని ఫోన్‌లో తీసిన వీడియోనే వాళ్ల ఆస్తి. మీరు చేద్దామనుకుంటున్న పని అవసరమైనది, దానికి డబ్బులిచ్చేవాళ్లూ ఉన్నారు. తేల్చుకోవాల్సింది ఏ సామానుతో, ఎవరి డబ్బుతో మొదలుపెట్టాలన్నదే.

ముందు మిషన్ సంగతి. హెచ్‌డీ24 వచ్చింది 2001 ప్రాంతంలో. ట్రాకు అంటే ఒక్కో మైకు ధ్వని విడిగా నమోదయ్యే వరస. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే ధ్వనిని సెకనుకి 48 వేల సార్లు కొలిచే వేగంలో, 24 ట్రాకులు ఒకేసారి నమోదు చేస్తుంది, 96కి వెళితే 12 ట్రాకులే. ఆ రోజుల్లో చాలా మంచి మిషన్, ఇప్పటికీ దాన్ని ప్రేమగా వాడుకునేవాళ్లున్నారు. అయితే అందులో పట్టేవి ఐడీఈ అనే పాత రకం హార్డ్ డిస్కులు. అవి ఇప్పుడు కొత్తగా తయారు కావడం లేదు. అడాప్టర్లు పెట్టి నడిపించవచ్చు గానీ, అమలాపురంలో రాత్రి పదకొండింటికి అది మొరాయిస్తే చూసే మనిషి దొరకడు. పైగా అది డిస్కు మీద రాసుకునే పద్ధతి దానికే ప్రత్యేకం. డిస్కు తీసి కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లు మామూలుగా కనిపించవు, వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. బిల్లు లేని పాత సరుకు కాబట్టి రేపు మీరు అమ్ముదామన్నా కొనేవాడు కష్టం. నేను డబ్బు సలహా చెప్పేవాణ్ణి కనుక నాకు ముందు కనిపించేది ఇదే: కొన్న రోజే సగం విలువ పోయే సామాను అప్పుతో కొనకూడదు.

అసలు 24 ట్రాకులు మీకు ఎప్పుడు కావాలి? మీరు రాసిన పనులే లెక్క వేద్దాం. హరికథకి దాసుగారి గొంతు ఒకటి, వయొలిన్ ఒకటి, మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు, శ్రుతి బాక్సు ఒకటి, జనం చప్పట్లకి రెండు. మొత్తం ఏడు. సన్నాయి మేళంలో ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు అనుకుంటే, డోలుకి రెండేసి మైకులు పెట్టినా శ్రుతితో కలిపి ఏడే. చర్చిలో గొంతులకి నాలుగు, కీబోర్డు స్టీరియో రెండు, ప్యాడ్స్ రెండు, తబలా రెండు, బేస్ గిటార్ ఒకటి. పదకొండు. అంటే 12 ట్రాకులుంటే మీ పని అంతా నడుస్తుంది. పెద్ద ఆర్కెస్ట్రా ఎప్పుడైనా వస్తే ఆ ఒక్క రోజుకి అద్దెకి తెచ్చుకోవచ్చు.

ఇంకో మాట. మీరు ఆపరేట్ చేసే మిక్సర్ ఏదో ఉత్తరంలో రాయలేదు. అది డిజిటల్ మిక్సర్ అయితే దాని వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టు ఒకసారి చూడండి. ఉదాహరణకి బెహ్రింగర్ ఎక్స్32లో యూఎస్‌బీ కార్డు ఉంటే ఒక్క కేబుల్‌తో 32 ఛానళ్లు విడివిడిగా ల్యాప్‌టాప్‌లోకి వెళతాయి. ఎక్స్-లైవ్ కార్డు ఉంటే ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు, ఎస్‌డీ కార్డు మీదే 32 ట్రాకులు నమోదవుతాయి. ప్రీఆంప్‌లు మిక్సర్‌లోనే ఉన్నాయి, మైకులు స్టేజి మీదే ఉన్నాయి. లక్షా పదివేలు పోసి కొనబోయే సామానులో ముప్పాతిక భాగం మీరు రోజూ చేత్తో తిప్పుతున్నదే కావచ్చు. ఓనర్‌గారితో కూర్చుని మాట్లాడండి. ప్రోగ్రాముకి 1,000 ఆయనకిస్తానని చెప్పండి. ఆయనకి అదనంగా ఒక ఆదాయం, మీకు పెట్టుబడి లేని మొదలు.

అది పాత అనలాగ్ మిక్సర్ అని తేలితే, 12 ట్రాకులు ఎస్‌డీ కార్డు మీద రాసే కొత్త మిక్సర్-రికార్డర్లు జూమ్, టాస్కామ్ లాంటి కంపెనీలవి ఉన్నాయి. వాటికి బిల్లు, వారంటీ ఉంటాయి. కొంటే అలాంటిది కొనండి. అది కూడా ఇప్పుడే కాదు.

ఎందుకంటే 20 ప్రోగ్రాములన్నది మీ అంచనా, 4 మాత్రమే నిజం. 6,000లో సహాయకుడికి, ప్రయాణానికి 1,500 పోతే మిగిలేది 4,500. మిక్సింగ్‌కి పట్టే రెండు రోజుల కష్టం నేను ఇందులో వెయ్యలేదు. నాలుగు ప్రోగ్రాములకి 18,000. ఆ సెట్టు ఖరీదు తిరిగి రావాలంటే 25 ప్రోగ్రాములు చెయ్యాలి. ‘చేద్దాం బాబూ’ అన్నవాళ్లని లెక్కలో వేసుకోకండి, అడ్వాన్స్ చేతిలో పెట్టినవాళ్లనే లెక్కపెట్టండి.

ఇక మీరు చెప్పిన మూడు దారులు. పర్సనల్ లోన్ 16 శాతానికి రెండేళ్లకి తీసుకుంటే నెలకి 5,400 దాకా కట్టాలి. మొత్తం మీద వడ్డీ 19,000 పైమాటే. వైశాఖంలో ఈ కిస్తు మీకు కనిపించదు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు లేక చేతిలో పది, పన్నెండు వేలు కూడా ఆడని నెలలో చీటీ వాయిదాతో కలిపి పదివేలు ఎక్కడి నుంచి తెస్తారు? టెన్షన్ అంతా అప్పుడే మొదలవుతుంది.

చీటీ సంగతి కొంచెం నయం. ఇప్పుడు పాడుకుంటే 18,000 పాట పోయి 82,000 వస్తుందనుకుందాం. చివరిదాకా ఆగితే కమిషన్ పోను 95,000. మిగిలిన 14 వాయిదాలు ఎలాగూ కట్టాలి. అంటే 13,000 వదులుకుని 82,000 పద్నాలుగు నెలల ముందు తెచ్చుకోవడం. నూటికి నెలకి రూపాయి పదమూడు పైసల వడ్డీ. నిజంగా అవసరం పడితే చెడ్డ రేటు కాదు. కానీ ఇప్పుడు ఆ అవసరం లేదు.

పంట పేరుతో బంగారం లోన్ మాత్రం తప్పు. ఆ లోన్ సాగు కోసం ఇచ్చేది. మీరు దాన్ని మిషన్‌కి పెట్టినట్టు బ్యాంకుకి తెలిస్తే మీ కంటే ముందు నాన్నగారికి చిక్కు. రేపు సార్వాకి నిజంగానే పెట్టుబడి కావలసి వస్తే ఆయన ఏ ముఖంతో బ్యాంకుకి వెళతారు? ఆరు కాసులూ ఇంట్లోనే ఉండనివ్వండి.

మరి డబ్బెక్కడిది? ఎఫ్‌డీలో 1,05,000 ముట్టుకోవద్దు. అది మీ నాలుగు నెలల ఇంటి ఖర్చు. మిగిలిన 35,000 ఈ పనికి పెట్టండి. అందులో రెండు టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు, చిన్న యూపీఎస్, జనం శబ్దానికి మంచి మైకుల జత కొనండి. డిస్కులు రెండెందుకంటే, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ తింటుంది. 12 ట్రాకులు గంటకి 6.2 జీబీ. మూడు గంటల హరికథ 18.7 జీబీ. ఒక డిస్కులో వంద హరికథలు పడతాయి, అది పోతే వందా పోతాయి. రెండో కాపీ మరో ఇంట్లో, అక్కగారింట్లోనో మరొకరి దగ్గరో ఉంచండి. గోదావరికి వరదొస్తే లంకల్లో, ఏటిగట్టు పక్క ఊళ్లలో ఏ గది తడుస్తుందో చెప్పలేం. యూపీఎస్ తప్పనిసరి: కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లో రికార్డింగ్ ఆగిపోతే ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. డిస్కుని బేస్ బాక్సుల పక్కన పెట్టకండి, తిరిగే డిస్కుకి ఆ అదురు పడదు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కేబుల్ పిన్నులు తుప్పు పడతాయి, ప్రోగ్రాము అయ్యాక తుడిచి సంచిలో పెట్టుకోండి.

ప్రతి ప్రోగ్రాముకి సగం డబ్బు ముందే తీసుకోండి. ఒక్క కాగితం మీద మూడు మాటలు రాయించుకోండి: ఎన్ని నిమిషాల మిక్సింగ్, మార్పులు ఎన్నిసార్లు, అసలు ఫైళ్లు మీ దగ్గర ఎన్నాళ్లు ఉంటాయి. వచ్చిన దాంట్లో 2,000 వేరే ఖాతాలో వెయ్యండి. 14 నెలలకి చీటీ డబ్బు 95,000 చేతికొస్తుంది, ఆ ఖాతాలో మరికొంత ఉంటుంది. అప్పటికి ఏడాదికి 15 ప్రోగ్రాములు దాటి ఉంటే 12 ట్రాకుల కొత్త రికార్డర్ రొక్కానికే కొనుక్కోవచ్చు. ఇంకా పెద్దది కావాలంటే చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితంగా చేయించుకుని, అలాంటి వ్యాపారాలకే ఇచ్చే ముద్ర లోన్‌కి వెళ్లండి. 50,000 దాకా శిశు, ఆపైన 5 లక్షల దాకా కిశోర్. హామీ అడగరు. పన్ను పడకపోయినా ఈ ఏడాది నుంచే రిటర్న్ వెయ్యండి, లోన్ ఇచ్చేవాళ్లు ముందు అడిగేది అదే. సేవలకి 20 లక్షల లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు.

చివరిది, మీరు అడగనిది. అర్ధరాత్రి ప్రోగ్రాము ముగించుకుని కాలవగట్టు మీద బండి నడుపుకుంటూ ఇంటికొచ్చేది మీరే. మీ ఉత్తరంలో ఇన్సూరెన్స్ మాటే లేదు. మీ బ్యాంకులోనే ఏడాదికి 20 రూపాయలకి 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకి 2 లక్షల జీవిత బీమా దొరుకుతాయి. ఈ వారమే ఇద్దరి పేరునా మొదలుపెట్టండి. మీ పేరున 50 లక్షల టర్మ్ పాలసీకి కొటేషన్ కూడా తీసుకోండి. ఓనర్‌గారు ఏమన్నారో, మిక్సర్ మోడల్ ఏదో రాసి పంపితే మిగతా లెక్క వేసి చెబుతాను.