మేనల్లుడికి లేఖ: హైబ్రిడ్ ట్రైలర్ కొనే ముందు

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. కారు వెనుక కట్టుకుని తిరిగే చిన్న ఇల్లులాంటి బండి, అదే హైబ్రిడ్ ట్రైలర్, కొనాలనుకుంటున్నావనీ, మూడింటిలో ఏది మంచిదో చెప్పమనీ ఫొటోలు పంపావు. మిషిగన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో తొమ్మిదేళ్లు అలాంటి బండినే కారు వెనుక కట్టుకుని తిరిగినవాణ్ణి కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. నీవు పంపిన ఫొటోల్లో ఉన్నవన్నీ సోఫాలూ, పొయ్యిలూ, రంగు దీపాలూ. వాటిలో ఏది ఎంచుకున్నా పెద్ద నష్టమేమీ లేదు. అమ్మేవాడు ఫొటో తీయనివి రెండున్నాయి: బరువు, గుడారపు గుడ్డ.

మొదట బరువు సంగతి. మా నాయన చెనిక్కాయ బస్తాలను మార్కెట్టుకు తోలేటప్పుడు, ఎద్దులను కట్టే ముందు బండి నొగను రెండు చేతులతో ఎత్తి చూసేవాడు. అది చేతికి మరీ తేలికగా వస్తే వెనుక బస్తాలు రెండు ముందుకు జరిపేవాడు; మరీ బరువుగా ఉంటే ఎద్దుల మెడ మీద జాలిపడి వెనక్కి జరిపేవాడు. ట్రైలర్‌కూ ఇదే లెక్క. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు నొగ మీద, అంటే నీ కారు కొక్కెం మీద పడాలి. అంతకు తగ్గితే హైవే మీద పక్కనుంచి పెద్ద లారీ దాటిపోయినప్పుడు బండి పాములా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు ఒకసారి మొదలైతే స్టీరింగ్ పట్టుకున్నవాడి ప్రాణం అరచేతిలోకి వస్తుంది.

నీ కారు 7,000 పౌన్లు లాగుతుందని రాశావు. లాగడం వేరు, మోయడం వేరు. డ్రైవరు తలుపు తీస్తే ఆ పక్కన పట్టీ మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. కారులో ఎక్కే మనుషులూ సామానూ కలిసి ఎంతకు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. అది 1,300 పౌన్లు అనుకుందాం. ఖాళీగా 4,500 పౌన్లుండే ట్రైలర్‌లో నీళ్లూ, గ్యాసూ, బ్యాటరీ, వంట సామానూ చేరితే 5,300 అవడం వింత కాదు. నీళ్లే గ్యాలనుకు 8.3 పౌన్లు తూగుతాయి, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 దాటుతుంది. ఆ 5,300లో నూటికి 12 పాళ్లంటే సుమారు 636 పౌన్లు నీ కారు మీద కూర్చుంటాయి. మీ నలుగురి బరువు 550 వేసుకో. ఇక మిగిలేది నూరు పౌన్ల పైచిలుకు, అందులోనే కారులోని పెట్టెలన్నీ సరిపెట్టుకోవాలి. కాబట్టి బ్రోషర్‌లో రాసిన ఖాళీ బరువును నమ్మకు. కొన్న తరువాత సామాను నింపి, లారీలు ఆగే చోట కాటా మీద ఒకసారి తూకం వేయించు.

ఇక గుడ్డ. హైబ్రిడ్ అంటే గట్టి గోడల పెట్టెకు ముందూ వెనుకా గుడారపు మంచాలు విచ్చుకునే బండి. మీ అత్త దాన్ని రెక్కల ఇల్లు అనేది. దారిలో ఎక్కడ ఆగినా రెక్కలు విప్పకుండానే లోపలికి వెళ్లి ఫ్రిజ్, బాత్‌రూం వాడుకోవచ్చు. పూర్తిగా మడతపడే పాపప్ బండిలో ఆ సుఖం లేదు. అయితే వాన వెలిసినా వెలియకున్నా ఇంటికి బయలుదేరక తప్పదు కదా, అప్పుడు తడి గుడ్డనే మడిచి తలుపు బిగించవలసి వస్తుంది. మన అనంతపురంలో పంచె తీగ మీద వేస్తే గంటలో ఆరుతుంది కనుక నాకు ఆ భయం తెలియలేదు. ఒక అక్టోబరు ఆదివారం తడిగా మడిచి తెచ్చి, సోమవారం ఆఫీసు హడావిడిలో మరచిపోయి, గురువారం సాయంత్రం తెరిస్తే పరుపుల మూలల నుంచి తడి గోనెసంచి వాసన వచ్చింది; కుట్ల వెంట నల్లని చుక్కలు పడ్డాయి. ఎన్ని విధాల కడిగినా అవి చివరి వరకూ పోలేదు. అందుచేత నీ ఇంటి ముందు రెండు రెక్కలూ పూర్తిగా చాచే చోటు ఉన్నదో లేదో టేపు పెట్టి కొలిచి చూడు. అపార్ట్‌మెంట్‌లో ఉండి ట్రైలర్‌ను వేరే చోట అద్దెకు నిలిపేటట్టయితే, నా మాట విని పూర్తిగా గట్టి గోడల బండినే చూసుకో.

పాతది కొనేటట్టయితే మంచం తలుపుల, అంటే తెరిస్తే ఆ గుడారపు మంచాలు విచ్చుకునే తలుపుల, కింది అంచులు చూడు. రబ్బరు కుంచించుకుపోయి ఉంటే, వానలో బండి నడుస్తున్నప్పుడు చక్రాలు చిమ్మే నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి. నాకు అమ్మిన డీలరు చిన్న మరకే అని నవ్వి ఊరుకున్నాడు. ఆ మరక కింద చెక్క అరటిపండులా మెత్తబడి ఉంది. బొటనవేలితో నేలనూ మూలలనూ నొక్కి చూడు. టైర్ల మీద ఉండే DOT నంబరులో చివరి నాలుగు అంకెలు కూడా చదువు: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. పైన పట్టు బాగానే కనిపించినా ఆరేళ్లు దాటిన టైరును మార్చించాలి.

నీవుండే డాలస్ ఎండ మన కడప ఎండకు చెల్లెలే. జూలైలో గుడారపు రెక్కల గుండా ఏసీ చల్లదనం కారిపోతుంది; గుడ్డ పైన వెండి రంగు షీటు కప్పితే కొంత నయం. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లాలని ఉందన్నావు. ఎలుగుబంట్ల మూలంగా అక్కడి ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపులో గట్టి గోడల బండ్లకే చోటిస్తారు, కనుక బుక్ చేసే ముందే మీ బండి రకం వారికి చెప్పు.

డబ్బు కట్టే ముందు ఆ తలుపు పక్క స్టిక్కరు ఫొటో, మంచం తలుపుల కింది అంచుల ఫొటోలు నాకు పంపించు. సోఫావి వద్దు.

ఇట్లు,
మామ