రెండు రూపాయల వడ్డీ మీద వేసవి సెలవులు

ప్రశ్న: అక్కా, మేం నార్త్ కరోలినాలోని షార్లెట్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఆయనది హెచ్1బీ వీసా, నాది డిపెండెంటు హెచ్4, ఉద్యోగం చేసుకోడానికి కావాల్సిన అనుమతి కార్డు ఈఏడీ ఇంకా లేదు. ఇల్లు సర్దుకోడానికి, కారు డౌన్‌పేమెంటుకి కార్డు గీకితే అందులో నాలుగు వేల డాలర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఇండియాలో ఆయన చదువు లోను కూడా నడుస్తోంది. పెద్దాడు నాలుగో గ్రేడు, చిన్నది కిండర్‌గార్టెన్. జూన్‌లో సెలవులిచ్చేస్తారు. తెలిసిన నాలుగు కుటుంబాలు కలిసి ఫ్లోరిడా వెళ్దామంటున్నారు, మా వంతు రెండు వేలు పడుతుందట. అప్పు పెట్టుకుని వెళ్లొచ్చా? మానేస్తే పిల్లలు పది వారాలూ టీవీ ముందే కూర్చుంటారని బెంగ.

జవాబు: చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి మీరూ గీరూ లేకుండా మాట్లాడతాను. సెలవులకి వెళ్లు. ఫ్లోరిడా మాత్రం ఈ ఏడు వద్దు.

ముందు నీ కార్డు స్టేట్‌మెంటు తెరిచి ఏపీఆర్, అంటే ఏడాది వడ్డీ రేటు, ఎంతుందో చూడు. నాకు తెలిసిన కొత్తవాళ్లందరిదీ 24కి అటూ ఇటూగానే ఉంటోంది. ఏడాదికి 24 శాతమంటే నెలకి నూటికి రెండు. మన ఊళ్లలో దీన్నే రెండు రూపాయల వడ్డీ అంటారు. ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చి షికారుకెళ్లారని తెలిస్తే ఊరంతా ఏమనుకునేదో నీకూ తెలుసు. అదే వడ్డీ ఇంగ్లీషులో, నాజూకు అక్షరాల్లో, స్టేట్‌మెంటు చివరి పేజీలో ఉండేసరికి మనకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఇప్పుడు లెక్క. నాలుగు వేల మీద నెలకి రెండొందలు కడుతూ పోతే 26 నెలల్లో తీరుతుంది, మొత్తం కట్టేది 5,160 డాలర్ల దాకా. అదే కార్డు మీద ఫ్లోరిడా రెండు వేలు కూడా వేశావనుకో. ఆరు వేలవుతుంది, నెలకి వడ్డీయే 120. అదే రెండొందలు కడితే 46 నెలలకి పైగా పడుతుంది, మొత్తం 9,250 దాటుతుంది. అంటే రెండు వేల ట్రిప్పు నీకు పడింది నాలుగు వేల పైచిలుకు. మీ వాడు నాలుగో గ్రేడులో వెళ్లొచ్చిన ట్రిప్పుకి ఎనిమిదో గ్రేడు దాకా కడుతూనే ఉంటారు.

ఇంకో మెలిక కూడా ఉంది, చాలామందికి తెలీదు. ప్రతి నెలా బాకీ మొత్తం కట్టేవాళ్లకే కొన్నదాని మీద మూడు వారాలో, నెలో వడ్డీ లేని గడువు దొరుకుతుంది. పాత బాకీ మిగిలి ఉంటే ఆ గడువు పోతుంది. కొత్తగా గీకిన ప్రతిదానికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. హోటలు బుక్ చేసిన రోజునుంచే మీటరు తిరుగుతూ ఉంటుందన్నమాట. "పాయింట్లు వస్తాయి కదా" అని మీ ఆయన అంటే ఈ మాట చెప్పు.

ఇదంతా నేను తెలివైనదాన్నని చెప్పడం లేదు. 2007లో, వచ్చిన మొదటి వేసవే, మేం ఫ్లోరిడా థీమ్ పార్కులకి వెళ్లొచ్చాం, మొత్తం కార్డు మీదే. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. దానికి ఇప్పుడు గుర్తున్నది మోటల్‌లో ఐస్ మెషీన్ ఒక్కటే. బకెట్టు పెట్టి మీట నొక్కితే గలగలా పడే ఐసు కోసం పొద్దున్నా సాయంత్రం పేచీ పెట్టేది. పార్కు ఒక్కటీ గుర్తులేదు. ఆ బాకీ తీరేనాటికి అది ఒకటో గ్రేడులో ఉంది.

గుంపుగా వెళ్లడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మనవాళ్ల డబ్బు కారిపోయేది అక్కడే. నాలుగు కుటుంబాలు కలిస్తే ఇల్లు చవగ్గా పడుతుందన్నమాట నిజమే. కానీ ఆ నలుగురిలో అప్పు లేనివాళ్లు ఇద్దరుంటారు, ట్రిప్పు నడిచేది వాళ్ల చేతి మీదే. ఒకరు బోటు షికారు అంటారు, ఇంకొకరు అందరికీ ఒకే రంగు టీషర్టులు అంటారు, సాయంత్రం ఇండియన్ రెస్టారెంటుకి పదహారు మంది బయల్దేరతారు. కాదనడానికి నీకు మొహమాటం. తిరిగొచ్చాక ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో చూస్తే రెండు వేలనుకున్నది మూడు వేలై ఉంటుంది. అందులో మీ పిల్లలు ముట్టని బిర్యానీ కూడా ఉంటుంది. "ఈసారికి మేం రాలేం, ఇండియా లోను తొందరగా తీర్చేద్దామనుకుంటున్నాం" అని మీ ఆయన చేత కాదు, నువ్వే చెప్పు. ఆడవాళ్లు చెబితే అక్కడితో ఆగుతుంది. మగవాళ్లు చెబితే "ఏం బావా, ఆ మాత్రం లేదా" అని మొదలవుతుంది. అలాంటి లోనే ఉన్న ఇంకో కుటుంబం "మేమూ అంతే" అని నీకు విడిగా ఫోన్ చేసినా ఆశ్చర్యపోకు. మాకు అలాగే అయింది, ఇప్పటికీ వాళ్లే మాకు దగ్గర.

డబ్బు ఎక్కణ్ణుంచి అంటావా. మీ ఆయన జీతం రెండు వారాలకోసారి పడుతుంటే ఏడాదికి 26 పేచెక్కులు. నెలకి రెండు చొప్పున 24 పోగా, రెండు నెలల్లో మూడో పేచెక్కు పడుతుంది. అద్దె, బిల్లులు రెంటితోనే గడిచిపోతాయి. మూడోది వచ్చిన రోజే దాన్ని కార్డుకి కట్టేయండి, రెండోరోజుకి ఉంచితే ఉండదు. సెలవులకి దాన్ని ముట్టొద్దు. సెలవుల కోసం వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి పేచెక్కుకి 50 డాలర్లు వెయ్యి. తొమ్మిది పేచెక్కులకి 450. ఆ డబ్బుతో ఎంత దూరం వెళ్లగలిగితే అంతే మీ సెలవు. ఇండియా లోను వడ్డీ దీనికన్నా తక్కువే ఉంటుంది, అక్కడ నెల వాయిదా తప్పకుండా కడుతూ, మిగిలినదంతా కార్డు మీద పెట్టడం లెక్కకి సరైనది. పాత కార్డు బాకీని మార్చుకుంటే మొదట కొన్ని నెలలు వడ్డీ వెయ్యని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డు దొరికితే ఇంకా మంచిది. మూడు నుంచి అయిదు శాతం రుసుము తీసుకుంటారు, నీ నాలుగు వేలకి 120 నుంచి 200. ఎంత ఎక్కువైనా రెండున్నర నెలల వడ్డీయే అది. ఆ కొత్త కార్డుతో మాత్రం ఇంకేమీ కొనకూడదు, సొరుగులో పెట్టి తాళం వెయ్యి.

450తో ఎక్కడికి? షార్లెట్‌లో ఉన్నారు, అదృష్టవంతులు. స్మోకీ పర్వతాలు మూడు గంటల పైచిలుకు దారి. దేశంలో ఎక్కువమంది చూసే నేషనల్ పార్కు అదే, అయినా ప్రవేశ రుసుము లేదు. 2023 నుంచి పార్కింగ్ ట్యాగు మాత్రం కొనాలి, రోజుకి 5, వారానికి 15 డాలర్లు. నార్త్ కరోలినా వైపు స్మోక్‌మాంట్ అని క్యాంప్‌గ్రౌండ్ ఉంది, రాత్రికి 30 దాకా. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో బుకింగులు ఆరు నెలల ముందే తెరుస్తారు, వేసవి వారాంతాలు తొందరగా అయిపోతాయి, కాబట్టి మంగళవారం నుంచి శుక్రవారం దాకా చూడు. ఆ పార్కులోనే ఓకనలుఫ్టీ అనే చోట సాయంత్రం పూట ఎల్క్‌లు, పెద్ద జాతి దుప్పులు, మేతకి వస్తాయి, కారు దిగకుండానే చూడొచ్చు. డీప్ క్రీక్‌లో ట్యూబులు అద్దెకిస్తారు, పిల్లలు వాగులో తేలుతూ పోతారు, మధ్యాహ్నమంతా దానికే సరి. కువోహీ శిఖరం 6,643 అడుగులు, అక్కడికి జూన్‌లో కూడా స్వెట్టర్లు పట్టుకెళ్లు. మొన్నటిదాకా దాన్ని క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు, 2024లో అక్కడి ఆదివాసులైన చెరోకీల పాత పేరు తిరిగి పెట్టారు. టెంటు కొనొద్దు, అడుగు. ప్రతి తెలుగు ఇంటి గరాజ్‌లోనూ ఒక్కసారి వాడిన టెంటు ఒకటి ఉంటుంది.

మీ పెద్దాడు నాలుగో గ్రేడు అన్నావు చూడు, అది మీకు కలిసొచ్చే మాట. ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ అని నాలుగో గ్రేడు పిల్లలకి ఉచిత పాస్ ఇస్తారు. ప్రవేశ రుసుముండే ఫెడరల్ పార్కుల్లో కారులో ఉన్న కుటుంబమంతా దాంతో వెళ్లొచ్చు. ఆగస్టు 31 దాకా చెల్లుతుంది, అంటే ఈ వేసవి మొత్తం వస్తుంది, తర్వాత ఇక లేదు. స్మోకీస్ పార్కింగ్‌కి అది పనికిరాదు. డబ్బు మిగిలితే ఆగస్టులో వాషింగ్టన్ డీసీ వెళ్తూ దారిలో షెనాండోవా నేషనల్ పార్కులో వాడుకోండి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలన్నీ ఉచితమే, జూ కూడా. ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం లాంటి కొన్నింటికి మాత్రం డబ్బు లేకపోయినా టైము ముందే బుక్ చేసుకోవాలి, వెళ్లేముందు చూసుకో. హోటలు ఊరి బయట మెట్రో స్టేషన్ దగ్గర తీసుకో. 2025 మే నుంచి హోటళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపే రేటు చూపించాలని నిబంధన వచ్చింది కానీ, పార్కింగ్ అందులో కలవదు. నడిబొడ్డు హోటళ్లలో కారు పెట్టుకోడానికయ్యే ఖర్చుతో ఒక పూట భోజనం వస్తుంది.

మీ అత్తమామలు వేసవికి వస్తున్నట్టయితే ఒకటి చూసుకోండి. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివాళ్లకి ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ లాంటి 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనపు రుసుము పెట్టారు. స్మోకీస్ ఆ జాబితాలో లేదు. ఈ ఏడాది మీరే ఇండియా వెళ్దామనే ఆలోచన ఉంటే, జూన్ జులై టికెట్లు నాలుగు కొనే బదులు కార్డు తీరాక వెళ్లండి.

మిగతా తొమ్మిది వారాలకి బెంగ పడకు. లైబ్రరీలో సమ్మర్ రీడింగ్ ఉంటుంది, అపార్ట్‌మెంటు పూల్ ఉంటుంది. డే క్యాంపులకి ఆఫీసు డిపెండెంట్ కేర్ ఖాతా, అంటే పిల్లల్ని చూసుకునే ఖర్చుకి పన్ను పడకుండా జీతంలోంచి పక్కన పెట్టే డబ్బు, వాడుకోమని ఎవరైనా చెబుతారు, పరిమితి కూడా 2026 నుంచి 7,500కి పెంచారు. అది మామూలుగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తేనో, ఒకరు ఫుల్‌టైమ్ చదువుతుంటేనో గానీ కుదరదు. నీకు ఈఏడీ వచ్చి పనిలో చేరేదాకా అందులో డబ్బు వెయ్యొద్దు.

స్మోక్‌మాంట్‌లో కరెంటు ఉండదు, షవర్లూ ఉండవు. రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలెయ్, చిన్న గ్యాస్ స్టవ్ చాలు. మొదటి రోజుకి పులిహోర కలిపి పట్టుకెళ్లు. కట్టెలు ఇంటినుంచి తీసుకెళ్లనివ్వరు, పురుగుల భయం, అక్కడే ముద్ర వేసినవి కొనుక్కోవాలి. తినేవేవీ టెంటులో పెట్టొద్దు, ఎలుగుబంట్లు వస్తాయి. మేం ఆవకాయ సీసా దిండు పక్కన పెట్టుకుని పడుకోబోతే రేంజరు వచ్చి, అదేమిటని అడిగి, వాసన చూసి, రెండడుగులు వెనక్కేసి కారు డిక్కీలో పెట్టించాడు.