అలుగు లేని సముద్రం

మలక్‌పేట, హైదరాబాద్

చిన్నీ,

ఈజిప్టులో సముద్రమట్టం కన్నా దిగువనున్న కత్తారా పల్లంలోకి మధ్యధరా నీళ్లు మళ్లించి కరెంటు తీసే డిజైన్‌నే ఎంటెక్ ప్రాజెక్టుగా పెట్టుకున్నావట. మీ అమ్మ చెప్పగానే గర్వపడ్డాను, వెంటనే గుబులూ పట్టుకుంది. సర్వే, లెవెళ్లు, కాలువ వాలు నీకొచ్చినవే. నా భయమంతా ఉప్పుతోనే.

అందరూ చేసే తప్పు ఒకటుంది: ఆవిరైనంత నీరు పోస్తే మట్టం నిలిచిందని లెక్క మూసేస్తారు. ఎండ నీళ్లనే తీసుకుపోతుంది తల్లీ, ఉప్పును కాదు. 10 మీటర్ల లోతు, ఏడాదికి 2 మీటర్ల ఆవిరి అనుకో. ఘనమీటరు సముద్రపు నీటిలో 35 కిలోల ఉప్పు. మొదట చదరపు మీటరుకి 350 కిలోలుంటే, ఏటా 70 చేరుతుంది. అయిదేళ్లకే రెట్టింపు! కాలిఫోర్నియాలో సాల్టన్ సీ 1905లో కొలరాడో నది గండిపడి నిండింది. వచ్చింది నది నీరే, అయినా ఇప్పుడది సముద్రం కన్నా ఉప్పన. బయటికి దారి లేదు. హుస్సేన్‌సాగర్‌కైనా అలుగుందే!

చేపలు బతకాలని ఉప్పును లీటరుకి 45 గ్రాముల దగ్గర నిలపాలంటే, ఆవిరయ్యే ప్రతి మీటరుకి నాలుగున్నర మీటర్లు లోపలికి, మూడున్నర బయటికి. పల్లం కాబట్టి ఆ మూడున్నర పైకి తోడాలి. టర్బైన్ 90 శాతం పనిచేస్తే లోపలికొచ్చే నాలుగున్నరకి 4.05 పాళ్ల కరెంటు వస్తుంది. మూడున్నర తోడడానికి 85 శాతం పంపు 4.12 మింగేస్తుంది. అంటే కరెంటో, చేపలో, ఏదో ఒకటే. రెండూ ఇస్తానని రిపోర్టులో రాశావో, నేనే చింపేస్తాను.

తోడేది పైనుంచి కాదు, తూములాగా అడుగు నుంచి. చిక్కటి నీరు కిందే చేరుతుంది. పాన్‌లో, అంటే ఆవిరి కొలిచే పళ్లెంలో, కొలిచిన ఆవిరిని 0.7తో గుణించు. ఉప్పు పెరిగేకొద్దీ ఆవిరీ తగ్గుతుంది, ఏటా ఒకే అంకె వెయ్యకు. నీటిలో కరెంటు పారే తీరును బట్టి ఉప్పు చెప్పే కండక్టివిటీ మీటరును గుడ్డిగా నమ్మకు: బాగా చిక్కబడ్డ నీటిలో ఉప్పు పెరుగుతున్నా రీడింగు కదలదు. పలచన చేసి కొలువు, లేదా చినగంజాం ఉప్పుమడుల వాళ్లలా, చిక్కదనాన్ని డిగ్రీల్లో చూపే బామే గొట్టం ముంచు. సముద్రం మూడున్నర డిగ్రీలు, ఉప్పు గడ్డకట్టేది 25 దగ్గర.

రాత్రుళ్లు మేలుకోకు. ఆదివారం కాగితాలు తీసుకుని రా. బయటికెళ్లే కాలువ ముందు చూస్తాను, టిఫిన్ తర్వాతే.

పెదనాన్న