ప్రోటీన్ పొడి తాగితే కంటి నరం మళ్లీ పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి నీటికాసులు (గ్లకోమా). ఎడమ కన్ను పక్క చూపు చాలావరకు పోయింది. దెబ్బతిన్న కంటి నరాల్ని ప్రోటీన్లు బాగుచేస్తాయని వార్తల్లో వచ్చిందని తెలిసినాయన ఒక పొడి డబ్బా ఇచ్చారు. అది తాగుతూ చుక్కల మందు మానేస్తానంటున్నారు నాన్నగారు. మాకు చేపల చెరువులున్నాయి, చేపలకైతే ఆ నరం మళ్లీ వస్తుందట కదా, మనకెందుకు రాదు?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు చుక్కల మందు మాననివ్వకండి. ఆ డబ్బాలో ప్రోటీన్ కూడా మనం తినే పప్పు, చేపల్లో ప్రోటీన్‌లాగే కడుపులో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, అది కంటికి చేరి నరాన్ని పెంచడమన్నది జరగదు. వార్తల్లో వచ్చేవి కణాల్లోనే తయారై, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఆగాలో నిర్ణయించే ప్రోటీన్లు.

చేపల మాట నిజమే. జీబ్రా చేప రెటీనా, అంటే కంటి లోపల వెనక ఉండే చూపు పొర దెబ్బతింటే, అందులో ఆసరాగా ఉండే ముల్లర్ కణాలు ఏఎస్‌సీఎల్1 అనే ప్రోటీన్ సాయంతో విభజన చెంది కొత్త నాడీకణాల్ని పుట్టిస్తాయి. ముల్లర్ కణాలు మనకీ ఉన్నాయి, కానీ దెబ్బ తగిలితే మచ్చ కట్టి ఊరుకుంటాయి. ఎందుకలా అంటే, 2025లో దక్షిణ కొరియాలోని కైస్ట్ అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు చిట్టెలుకల్లో ఒక కారణం పట్టుకున్నారు: ప్రాక్స్1 అనే ప్రోటీన్ పక్క నాడీకణాల నుంచి వచ్చి ముల్లర్ కణాల్లో చేరి వాటిని అణిచిపెడుతోంది. దాన్ని మధ్యలోనే అడ్డుకునేలా చేస్తే కొత్త కణాలు పుట్టాయి, వంశపారంపర్యంగా రెటీనా పాడయ్యే ఎలుకల్లో చూపు కూడా మెరుగుపడింది. నిజంగా సంతోషించాల్సిన విషయమిది.

అయితే నీటికాసుల్లో చిక్కు ఇంకా పెద్దది. ఇందులో చచ్చిపోయేవి రెటీనా నుంచి చూపును మెదడుకు చేరవేసే గాంగ్లియన్ కణాలు. ఒక్కో కంటి నుంచి వీటి పోగులు సుమారు పది లక్షలు కంటి నరంగా మెదడు దాకా వెళ్తాయి, అంటే కొత్త కణం పుడితే చాలదు, దాని పోగు అంత దూరం పెరిగి సరైన చోటే అతుక్కోవాలి, పైగా ఆ నరం చుట్టూ ఉన్న పొరలో నోగో అనే ప్రోటీన్ ఆ పెరుగుదలకే అడ్డుపడుతుంది. 2020లో హార్వర్డ్ వాళ్లు మూడు ప్రోటీన్ల జన్యువుల్ని చిట్టెలుకల కంట్లోకి పంపి నలిగిన పోగుల్ని మళ్లీ పెరిగేలా చేశారు గానీ, నీటికాసులకు ఆసుపత్రిలో ఇచ్చే వైద్యం కాలేదింకా.

కాబట్టి ఉన్న చూపు నిలబెట్టేది కంటి ఒత్తిడి తగ్గించే ఆ చుక్కలే. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టమనండి, లేకపోతే మందు గొంతులోకి జారిపోతుంది. రెండో మందుంటే కనీసం ఐదు నిమిషాలు ఆగి వేయాలి. ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు, అందుకని మీరూ, మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా కంటి ఒత్తిడి, కంటి నరం పరీక్ష ఈ నెలలోనే చేయించుకోండి.