ఎంఎల్‌హెచ్‌పీగా (పల్లె క్లినిక్ నడిపే నర్సుగా) వెళ్తున్న స్వాతికి పెద్దమ్మ ఉత్తరం

స్వాతీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "ఐసీయూ ఉద్యోగం వదిలేసి చింతలపూడి దగ్గర ఏదో ఊళ్లో క్లినిక్‌కి పోతుందట, ఓఈటీ ఇంగ్లీషు పరీక్ష రాసి లండన్ వెళ్లవే అంటే వినదే" అని. దానికి ధైర్యం చెప్పానే గానీ, తర్వాత నాకే నిద్ర పట్టలేదు. సంతోషమూ ఉంది, భయమూ ఉంది. వాట్సాప్‌లో రాస్తే నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నా.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్లలో 150 గంటల సీఎన్‌ఈ, అంటే ఉద్యోగంలో ఉంటూ తీసుకునే శిక్షణ, ఉండాలి. సర్టిఫికెట్లు ఎప్పటివప్పుడు ఫైల్లో పెట్టుకో. 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చూడాలి. ఆ చివరి మూడూ ఐసీయూలో నీకెవరూ నేర్పి ఉండరు. వీఐఏ, అదే గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో చూసి చేసే పరీక్ష, దాని శిక్షణ ఎప్పుడు పెడతారో చేరిన వారంలోనే పీహెచ్‌సీ డాక్టరుగారిని అడుగు. ఈ-సంజీవని వీడియో కాల్‌లో డాక్టరు తెరమీదకి రాగానే అంకెలతో మొదలుపెట్టు: వయసు, టెంపరేచరు, పల్సు, బీపీ, ఎన్నాళ్లుగా. "జ్వరం సార్" అని నిలబడితే ఆయన మాత్రం ఏం చెప్తాడు?

బీపీ నాకు తెలీదా అనుకుంటున్నావు కదూ? ఐసీయూలో మానిటరు చూసుకునేదానివి. అక్కడ ఎండలో నడిచొచ్చిన ముసలాయనకి వచ్చీరాగానే కఫ్ చుట్టకు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టు, చెయ్యి బల్లమీద పెట్టించు. కొలిచేటప్పుడు మాట్లాడనివ్వకు. వాళ్ల కోడలి మీద ఫిర్యాదులు తర్వాత వినొచ్చు.

అక్కడి ఏఎన్‌ఎం నీకంటే పెద్దదై ఉంటుంది. నిన్నగాక మొన్న బీఎస్సీ చేసిన పిల్ల వచ్చి తనమీద కూర్చుందని ఆమెకి ఉంటుంది, ఉండాలి కూడా. "అక్కా" అని పిలువు, మొదటి నెల ఆమె వెనకాలే ఇళ్లకి తిరుగు. ఏ ఇంట్లో ఎవరు మాత్రలు మింగకుండా దాస్తున్నారో ఆమెకీ ఆశా వర్కరుకీ తెలిసినంత నీ ట్యాబ్‌కి తెలీదు.

ఇక నా అసలు భయం ఇన్సులిన్.

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రి ఓపీలో చేసేటప్పుడు ఒక పొగాకు రైతు వచ్చేవాడు. కళ్లు సరిగా కనపడవు, సూది కోడలే వేసేది. మా ఓపీ సిస్టరే ఆ అమ్మాయికి నేర్పింది. సీసా అరచేతుల మధ్య దొర్లించు, 20 గీత దాకా తియ్యి, బొడ్డుకి రెండు వేళ్ల దూరం వదిలి వెయ్యి, రోజూ చోటు మార్చు. ఒక్క తప్పు లేదు. "అర్థమైందా?" అంది. "అయిందండీ" అంది ఆ పిల్ల. వెనక క్యూ ఉంది, అయిపోయింది.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒకసారి ఊళ్లో సీసా దొరక్కపోతే, హైదరాబాదులో ఉన్న కొడుకు అదే పేరున్న ఇన్సులిన్ పెన్ను కార్ట్రిడ్జులు (పెన్నులో పెట్టే మందు గొట్టాలు) పంపాడు, పెన్ను లేకుండా. కోడలు పాత ఎర్రమూత సిరంజే అందులో గుచ్చి 20 గీత దాకా తీసింది. సీసాలో మందు మిల్లీలీటరుకి 40 యూనిట్లు, కార్ట్రిడ్జులో 100. ఆ సిరంజిలో 20 గీతంటే అర మిల్లీలీటరు. 20 వెళ్లాల్సిన చోట 50 వెళ్లాయి.

తెల్లవారుజామున చొక్కా తడిసిపోయి, పిలిస్తే పలక్కుండా తీసుకొచ్చారు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక కళ్లు తెరిచాడు, బతికాడు. డాక్టరు మాత్రం అందరి ముందూ ఆ అమ్మాయిని తిట్టిపోశాడు, చదువు లేనివాళ్లతో ఇదే ఖర్మ అని. ఆ పిల్ల సిరంజి చెంగులో చుట్టి తెచ్చింది. "20 గీతేనండీ, ఒక్క గీత కూడా ఎక్కువ తియ్యలేదు" అంటూనే ఉంది. నేర్పిన సిస్టరు రిజిస్టరులోంచి తలెత్తలేదు.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అర్థమైందా అని అడిగితే తెల్లకోటు ముందు కాలేదని ఎవరంటారే? నువ్వు ఆ మాట అడగనే అడగకు. సీసా, సిరంజి చేతికిచ్చి చేసి చూపించమను. తర్వాత "ఈ సీసా దొరక్కపోతే ఏం చేస్తావమ్మా?" అని అడుగు. దానికొచ్చే జవాబుతో నీకు సగం సంగతులు తెలిసిపోతాయి. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజమూత. రెండూ బల్లమీద పెట్టి చూపించు. కార్ట్రిడ్జులో సిరంజి గుచ్చొద్దని ఖచ్చితంగా చెప్పు. మందు మారితే వేసుకోకముందు డబ్బా పట్టుకొచ్చి నీకు చూపించమను. చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ షుగరు చూసుకోమను. తెలివి లేకుండా పడి ఉంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దని ఇంట్లోవాళ్లకి చెప్పు.

ఐసీయూలో పేషెంటు రాత్రంతా నీ కళ్లముందే ఉండేవాడు. ఇక్కడ పది నిమిషాలు కూర్చుని ఇంటికి పోతాడు. అందుకే ఇంత పోరు పెడుతున్నా, విసుక్కోకు.

రాత్రిపూట ఎవరైనా తలుపు కొడితే 108కి ఫోన్ చెయ్యి, స్కూటీ వేసుకుని ఒక్కదానివే బయల్దేరకు. వేళకి తిను. చేరిన రోజే ఆ ఏఎన్‌ఎం అక్క నంబరు నాకు పంపు, నీ ఫోన్ ఎత్తకపోతే ఆమెకి చేస్తా.

మీ పెద్దమ్మ