లగ్జరీ ఎస్‌యూవీలు నిజంగా ఆఫ్‌రోడ్‌కి పనికొస్తాయా?

కోటి రూపాయలు పోసి కొన్న బండి రాళ్లూ గుట్టలూ ఎక్కుతుందా, లేక పైపై షోకేనా అనేది ప్రశ్న. కొన్ని నిజంగానే ఎక్కుతాయి, చాలావరకు ఎక్కవు.

మెర్సిడెస్ జీ-క్లాస్‌నే తీసుకోండి. 1979లో మొదలైన బండి, లోపల ఎంత లెదర్ కుట్టినా అడుగున ఇప్పటికీ ల్యాడర్ ఫ్రేమే, అంటే లారీలకు ఉండేలాంటి నిచ్చెన ఆకారపు గట్టి ఉక్కు చట్రమే. పెట్రోల్, డీజిల్ మోడళ్లలో లో-రేంజ్ గేర్లు (బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపించేవి), చక్రాలన్నీ కలిసే తిరిగేలా బిగించే మూడు డిఫరెన్షియల్ లాకులు ఉంటాయి, అంటే మూడు చక్రాలకు బురదలో పట్టు లేకపోయినా పట్టు దొరికిన నాలుగోది బండిని లాగేస్తుంది. కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కి ల్యాడర్ ఫ్రేమ్ లేదు, అయినా బండిని పైకి లేపే ఎయిర్ సస్పెన్షన్‌తో 900 మి.మీ. లోతు నీళ్లు దాటుతుందని కంపెనీ చెప్తుంది. దాదాపు నడుం లోతు!

బీఎండబ్ల్యూ ఎక్స్5, ఆడి క్యూ7 వేరే రకం. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటుంది, అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ వెళ్తుంది, కానీ లో-రేంజ్ ఉండదు, కాబట్టి తడి మట్టిరోడ్డు, కాస్త మంచు వరకూ టెన్షన్ లేదు, పెద్ద రాళ్ల మీద నత్తనడకన పాకించడం మాత్రం వాటి పని కాదు. బీఎండబ్ల్యూ వాళ్ల చిన్న బండి ఎక్స్1 ఎస్‌డ్రైవ్‌కైతే ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది.

అందరూ మర్చిపోయేది టైర్లు. 21, 22 అంగుళాల రిమ్ములకు వేసే టైరులో రబ్బరు పక్కగోడ ఎత్తు తక్కువగా ఉంటుంది, రాయి తగిలితే టైరు చీలుతుంది లేదా రిమ్ము వంగుతుంది. ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి తగ్గించుకునే వీలు కూడా తక్కువ. ఆఫ్‌రోడ్ పిచ్చి నిజంగా ఉంటే చిన్న రిమ్ములు, రోడ్డుకీ మట్టికీ రాళ్లకీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయించండి, లేదా ఫోర్ వీల్ డ్రైవ్ థార్ కొనుక్కోండి, తుప్పల్లో పెయింటు గీసుకుపోయినా గుండె ఆగదు.